గొంతు నిలబడే చోటు

చెవిగారు ఎవరింటికి వెళ్ళినా ముందు చప్పట్లు కొడతారు. గది మధ్యలో నిలబడి ఒకటి, మూలకు వెళ్ళి ఒకటి, కిటికీ పక్కన ఒకటి. ఇంటివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాపుకుంటారు. ఆ చప్పుడు గోడకు తగిలి ఎలా తిరిగొస్తోందో విని, ఎక్కడ మందపాటి తెర వేయాలో, ఏ అద్దాల బీరువా పక్కకు జరపాలో ఆయన చెప్పేస్తారు. స్పీకర్లు అమ్మే షాపులో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఓనరుతో సహా అందరికీ ఆయన చెవిగారే.

ఆ సోమవారం పళ్ళ డాక్టరుగారింట్లో పని. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నడుమెత్తు స్పీకరు బాక్సులు రెండు. వాటిని మోసేది మెల్లిగా. అది అతని అసలు పేరు కాదు, మెట్లెక్కుతూ తనకు తాను చెప్పుకునే మాటే పేరైపోయింది. ఒక్కో బాక్సును దుప్పట్లో చుట్టి, నడికట్టు పట్టీతో వీపుకు బిగించుకుని, మెట్టు మెట్టుకూ "మెల్లిగా... మెల్లిగా..." అనుకుంటూ ఎక్కుతాడు. చెవిగారికంటే ఆరేడేళ్ళు పెద్దవాడు. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకే వ్యానులో తిరుగుతున్నారు.

మొదటి బాక్సు సుఖంగా పైకి చేరింది. రెండోదానికి మలుపు దగ్గర దుప్పటి జారింది. బాక్సు మూల వెళ్ళి ఇనుప కమ్మీకి తగిలి టక్కుమంది. వెనకాల సంచి పట్టుకుని వస్తున్న చెవిగారు ఆగిపోయారు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం కాలేదు మాస్టారూ. అంచు తగిలింది."

పైకెళ్ళి చూస్తే మూలమీద గోరంత గీత. చెవిగారు దాన్ని బొటనవేలితో రుద్ది, సంచిలోంచి కొలత టేపు బయటికి తీశారు.

పని చూడడానికి చాలా చిన్నది. రెండు బాక్సులు, ఒక కుర్చీ. మూడింటి మధ్యా దూరాలు కుదరాలి. పాట పెట్టి ఆ కుర్చీలో కూర్చుంటే పాడే మనిషి ఈ బాక్సులోనూ ఉండకూడదు, ఆ బాక్సులోనూ ఉండకూడదు. రెండింటి మధ్య, ఏమీ లేని చోట, గాలిలో నిలబడి పాడాలి. ఆ మనిషిని అక్కడ నిలబెట్టడం కోసమే డాక్టరుగారు ఇన్నేళ్ళు ఆశపడి ఇవి కొనుక్కున్నారు.

మెల్లిగా టేపు ఒక కొసను కుర్చీ వీపు దగ్గర, మనిషి తల వచ్చే ఎత్తులో పట్టుకున్నాడు. చెవిగారు రెండో కొసతో మోకాళ్ళమీద పాకారు. ఎడమకు తొమ్మిదడుగుల రెండంగుళాలు. కుడికి తొమ్మిదడుగుల రెండంగుళాలు. బాక్సుల మూలల చుట్టూ నేలమీద కాగితం పట్టీలు అంటించారు. అవి టేపు చెప్పిన గుర్తులు. ఆ తర్వాత అరంగుళమో, వేలెడో చెవి చెప్పినట్టు జరపాలి. పని అయ్యాక చెవిగారు చేతులు దులుపుకుని వ్యాను దగ్గరికి దిగిపోతారు. మెల్లిగా వెనక ఉండిపోయి, పట్టీలు పీకి, దుప్పట్లు మడిచి వస్తాడు. పదకొండేళ్ళుగా అదీ వరస.

పరీక్షకు ఎప్పుడూ ఒకటే పాట. ఆడగొంతు, పక్కన ఒక్క తంబుర. చెవిగారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. గొంతు మధ్యలో లేదు. ఎడమకు, కిటికీ వైపుకు ఒరిగిపోయి ఉంది.

లేచి కిటికీ తెర వేశారు. ఒరుగు పోలేదు. కుడి బాక్సును వేలెడు ముందుకు లాగారు. రెండు వేళ్ళు. నాలుగు వేళ్ళు. దాని మొహం కుర్చీ వైపుకు కాస్త తిప్పారు. గొంతు బరువుగా కదిలిందే గానీ మధ్యకు రాలేదు.

డాక్టరుగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. యాభై దాటినావిడ, మెత్తగా మాట్లాడతారు. "ఒకసారి నేను కూర్చోనా?" అని వచ్చి కూర్చున్నారు. కాసేపు విన్నారు.

"ఇందాక, మీరు జరపకముందు, తలుపు దగ్గర్నుంచి వింటే సరిగ్గానే అనిపించిందండీ. ఇప్పుడేమో కుడి పక్కకి..."

"మీకు ఇంకా అలవాటు లేదు కదండీ" అన్నారు చెవిగారు నవ్వుతూ. "వారం రోజులు వింటే తెలుస్తుంది."

"అంతే అయ్యుంటుంది. నొప్పి ఏ పన్నులో ఉందో పేషెంటు చెప్తే నేను కూడా నమ్మను" అని ఆవిడ లేచిపోయారు.

చెవిగారు బాక్సుల మధ్య నిలబడ్డారు. ఎడమకు వంగి ఎడమ బాక్సుకు చెవి పెట్టారు. కుడికి వంగి కుడి బాక్సుకు చెవి పెట్టారు. ఎడమదానిలో తంబుర తీగ గీసుకునే సన్నటి చప్పుడు కూడా ఉంది. కుడిదానిలో ఆ సన్నటిదేదీ లేదు. గొంతుమీద కంబళి కప్పినట్టుంది. ఆయన చూపు మూలమీది గీతమీద పడింది.

ఇలాంటప్పుడు చేయవలసిన పని ఒకటుంది. కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చి మళ్ళీ వినాలి. జబ్బు బాక్సుదైతే దానితోపాటే వెళ్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఆయన నేర్పే పాఠం అది. ఆ రోజు ఆయన ఆ పని చేయలేదు. తన చెవి చెప్పాక ఇంకో సాక్ష్యం ఎందుకన్నది ఆయన ధీమా. ఇరవై రెండేళ్ళుగా ఊరంతా తలూపుతుంటే ఎవరికైనా అలాంటి ధీమా పట్టుకుంటుంది.

"దెబ్బ తింది. పైనున్న చిన్న స్పీకరు పోయింది" అన్నారు.

మెల్లిగా గోడ వారగా నిలబడి ఉన్నాడు. "తగిలింది నిజమే మాస్టారూ. పైపైన తగిలింది. లోపలేం కదల్లేదు. బాక్సు బాగానే ఉంది."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

చెవిగారికి నవ్వొచ్చింది. "బాబాయ్, మోసేది నువ్వు. వినేది నేను. ఎవరి పని వాళ్ళు చేద్దాం."

మెల్లిగా ఏదో అనబోయాడు. డాక్టరుగారి వంక చూశాడు, నోరు మూసుకున్నాడు.

చెవిగారు ఫోను ఎడమ చెవికి ఆనించుకుని ఓనరుకు విషయం చెప్పారు. ఓనరు మాటలు గదిలోకి కూడా వినపడ్డాయి. "ఆ ముసలాడి పట్టు జారుతోందని నేను మొత్తుకుంటూనే ఉన్నా. మీరేగా వెనకేసుకొచ్చారు? బాక్సు వెనక్కి తెప్పించండి. రేపట్నుంచి వాణ్ణి రావద్దని చెప్పండి. మీరే చెప్పండి."

చెవిగారు మెట్లమీద చెప్పారు. చెప్పేటప్పుడు కమ్మీవైపు చూశారు. తను కల్పించి చెప్పిందేమీ లేదు, విన్నదే చెప్పాను కదా అని ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. మెల్లిగా మోసే పట్టీని చేతికి చుట్టుకుంటూ విన్నాడు.

"సరే మాస్టారూ. ఆ బాక్సు కిందికి దించాలిగా? దించేసి పోతాను."

దుప్పటి రెండు చుట్లు చుట్టి, వీపుకు బిగించుకుని దిగాడు. మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మెట్టు మెట్టుకూ అదే మాట. కింద వ్యానులో బాక్సును ఆనించి, దుప్పటి మడత సరిచేసి, బస్సు స్టాపు వైపుకు నడిచి వెళ్ళిపోయాడు.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర చెవిగారి భార్య రెండుసార్లు ఏదో అడిగి, మూడోసారి గరిటె గిన్నెకేసి కొట్టింది.

"ఏంటే?"

"పెరుగు వెయ్యనా అని. కుడి పక్కనుంచి నేను అడిగితే వినపడదు. ఎడమ పక్కనుంచి మీ అక్కయ్య ఫోనులో గొణిగినా వినపడుతుంది. ఎంత చక్కటి చెవులో!"

చెవిగారు నవ్వారు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఇలాంటివి ఎన్ని వినలేదు.

బుధవారం కొత్త బాక్సు వచ్చింది. డ్రైవరూ, గోడౌన్ నుంచి పిలిపించిన ఇంకొకతనూ దాన్ని పైకి చేర్చి, టీ తాగడానికి కిందికి పోయారు. డాక్టరుగారు లోపలి గదిలో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు. టేపు కొస పట్టుకోవడానికి మనిషి లేడు. చెవిగారు దాన్ని కుర్చీ వీపుకు కాగితం పట్టీతో అంటించుకుని ఒక్కరే కొలుచుకున్నారు. తొమ్మిదడుగుల రెండంగుళాలు. తొమ్మిదడుగుల రెండంగుళాలు. పాట పెట్టి కూర్చున్నారు.

గొంతు ఎడమ పక్కన, కిటికీ దగ్గర ఉంది.

లేచి తీగలు చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు, సోమవారం చేయవలసిన పని చేశారు. ఒక్కొక్క బాక్సునూ కౌగిలించుకుని, దుప్పటిమీద ఈడ్చి, అటుది ఇటు, ఇటుది అటు మార్చారు. చొక్కా తడిసిపోయింది. మళ్ళీ కూర్చున్నారు. గొంతు కిటికీ దగ్గరే ఉంది.

గోడదేమో అనుకున్నారు. గోడదయితే ఒక దారి ఉంది. కుర్చీని పట్టుకుని వెనక్కి తిప్పారు. బాక్సులకు వీపు పెట్టి కూర్చున్నారు. తప్పు బాక్సుదైనా, గోడదైనా, గొంతు ఉన్నచోటే ఉండాలి. మనిషి తిరిగినంత మాత్రాన అది తిరక్కూడదు.

గొంతు కిటికీ దగ్గర లేదు. గది అవతలి పక్కకు, తలుపు వైపుకు వెళ్ళిపోయింది. ఎటు తిరిగి కూర్చున్నా అది ఆయన ఎడమ చెవి వెంటే తిరుగుతోంది.

చెవిగారు పాట ఆపారు. చేతులు రెండూ పైకెత్తి, చెవుల పక్కన బొటనవేలినీ చూపుడువేలినీ రాసుకున్నారు. ఎడమ పక్క గరగరమని చప్పుడు. కుడి పక్క వేళ్ళు కదులుతున్నాయి, అంతే. ఇంకా గట్టిగా రాశారు. చర్మం మండింది గానీ చప్పుడు రాలేదు. ఇరవై రెండేళ్ళు తిండి పెట్టిన చెవి. దాని మాట పట్టుకుని మొన్న ఒక మనిషి పొట్ట కొట్టారు.

ఫోను ముగించి డాక్టరుగారు వచ్చేసరికి ఆయన కుర్చీని మళ్ళీ ముందుకు తిప్పి పక్కన నిలబడి ఉన్నారు. బాక్సులు టేపు గుర్తులమీదే ఉన్నాయి. ఆవిడ కూర్చుని విన్నారు.

"మధ్యలోనే ఉందండీ. కాకపోతే కాస్త మసగ్గా ఉంది. మనిషి కనపడీ కనపడనట్టు."

మసక పోవాలంటే ఆ చివరి అరంగుళం చెవితో జరపాలి. జరపడానికి చెవి లేదు. "ఒక రోజు బాక్సుల్ని మోగనివ్వండి. ఎల్లుండి వస్తాను" అన్నారాయన. ఆ మాట ఎవరో పక్కనుంచి అన్నట్టు వినిపించింది, అదీ ఎడమ పక్కనుంచే.

*

మెల్లిగా ఉండేది టైర్ల దుకాణం మీది గదిలో. ఆ సాయంత్రం చెవిగారు అక్కడికి వెళ్ళారు. ఇన్నేళ్ళలో అటు వెళ్ళడం అదే మొదలు. మెల్లిగా మంచం మీద కూర్చుని, మోసే పట్టీకి దారంతో కుట్లు వేస్తున్నాడు. పని లేకపోయినా పట్టీ బాగుచేసుకుంటున్నాడు. చెవిగారిని చూసి లేవబోయాడు. చెవిగారు భుజం పట్టుకుని కూర్చోబెట్టి, తను ఎదురుగా ఉన్న పెట్టెమీద కూర్చున్నారు.

"బాబాయ్, ఆ బాక్సు బాగానే ఉంది."

"తెలుసు."

"నా కుడి చెవి పోయింది."

మెల్లిగా సూది పట్టీలో గుచ్చి పక్కన పెట్టాడు. "అదీ తెలుసు మాస్టారూ."

కింద ఎవరో టైరులో గాలి కొడుతున్నారు. చెవిగారు ఎడమ చెవి ఇటు తిప్పి, ముందుకు వంగారు. "ఎప్పట్నుంచి?"

"పోయినేడు, చలికాలం వెళ్ళాక. అంతకుముందు మీరు కుడి బాక్సు గుర్తుమీంచి అరవేలు జరిపేవాళ్ళు, ఎడమది కూడా అంతే. తర్వాత్తర్వాత కుడిదొక్కటే ముందుకొచ్చేది. ఒక వేలు. తర్వాత రెండు. మీరు కిందికి దిగాక నేను ఆ కుర్చీ వెనక నిలబడి వినేవాణ్ణి. గొంతు పోయి కుడి బాక్సులో దూరి ఉండేది."

"నువ్వేం చేసేవాడివి?"

"పట్టీలు పీకేముందు మోకాలితో వెనక్కి నెట్టేవాణ్ణి. గుర్తుమీదికి. తర్వాత కాస్త ఇటు, కాస్త అటు. మధ్యలోకి వచ్చాక పట్టీలు పీకి వచ్చేసేవాణ్ణి."

"ప్రతి ఇంట్లోనా?"

"ప్రతి ఇంట్లో."

చెవిగారికి ఈ ఏడాదిన్నరలో వచ్చిన ఫోన్లు గుర్తొచ్చాయి. పాడే మనిషి గదిలో నిలబడినట్టుందండీ అన్నవాళ్ళు, మీ చెవికి దండం పెట్టాలండీ అన్నవాళ్ళు. ఆ మాటలన్నీ తీసుకుని ఆయన జేబులో వేసుకున్నారు. ఇంత సిగ్గు ఆయన ఎన్నడూ పడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ పని పోతుంది" అన్నాడు మెల్లిగా. మళ్ళీ సూది చేతిలోకి తీసుకుని, దారం నోటితో తడిపాడు. "నెట్టడానికి నేనున్నాగా అనుకున్నాను. నా పని పోతుందనుకోలేదు."

*

గురువారం షాపు తలుపులు తీసేసరికి చెవిగారు మెట్లమీద ఉన్నారు. ఏడాదిన్నరగా ఆయన కుడి చెవి పనిచేయడం లేదని వినగానే ఓనరు మొదట జోకనుకున్నాడు. తర్వాత లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"బాబాయికి చెప్పాను. ఆయనకు ముందే తెలుసు."

"ఇంకెవరికీ చెప్పకండి. బాక్సు పాడైందని కంపెనీకి వెనక్కి పంపాం. డాక్టరుగారికి అదే చెప్పాం. ఇప్పుడు మావాడి చెవి పాడైందని చెప్తే నవ్విపోతారు. మీరు ఏడాదిన్నరలో ఎన్ని ఇళ్ళల్లో పెట్టారో! వాళ్ళందరూ ఫోన్లు చేస్తారు."

"ఆ ఇళ్ళన్నీ బాగానే ఉన్నాయి. అక్కడ పెట్టింది నేను కాదు" అని చెవిగారు ఉన్నదున్నట్టు చెప్పారు.

ఓనరు చాలాసేపు బల్లమీద పెన్ను దొర్లించాడు. చెడ్డవాడు కాదు, కొట్టు నడుపుకునేవాడు. చివరికి దారి దొరికిన మనిషిలా తేలిగ్గా కూర్చున్నాడు.

"వాణ్ణి రేపట్నుంచి రమ్మనండి. ఇన్నాళ్ళూ జరిగినట్టే జరగనివ్వండి. మీరు చప్పట్లు కొట్టండి, కూర్చోండి, కళ్ళు మూసుకోండి. మీరు కిందికి దిగాక వాడు నెడతాడు. వాళ్ళకి కావాల్సింది చెవిగారు. మోసేవాడు వచ్చి కుర్చీలో కూర్చుంటే ఎవరు ఒప్పుకుంటారు? మీకూ పని ఉంటుంది, వాడికీ పని ఉంటుంది."

చెవిగారు తలూపారు. బాబాయికి పని వచ్చింది, అది చాలు అనుకున్నారు. నిజం చెప్పాలంటే తన పని పోలేదన్న ఊరట కూడా అందులో ఉంది. సాయంత్రం ఈ కబురు చెప్తే మెల్లిగా కూడా సరేనన్నాడు. దుప్పట్లు ఎవరైనా ఉతికారా అని మాత్రం అడిగాడు.

*

శుక్రవారం డాక్టరుగారింటికి ఇద్దరూ వెళ్ళారు. మోయడానికి ఏమీ లేదు. అయినా మెల్లిగా పట్టీ భుజాన వేసుకునే వచ్చాడు. మలుపు దగ్గర కమ్మీని తప్పించుకుని, గోడవారగా నడిచాడు.

డాక్టరుగారు తలుపు తీసి అతన్ని చూసి కాస్త తడబడ్డారు. "ఈయన్ని ఆ రోజు...?"

"అవునండీ" అన్నారు చెవిగారు. మెల్లిగా నేలచూపులు చూస్తూ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే చోట.

చెవిగారు గది మధ్యలో చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు ఒక పక్కనుంచే తిరిగొచ్చింది. పాట పెట్టారు, కూర్చున్నారు, కళ్ళు మూసుకున్నారు. గొంతు కిటికీ దగ్గర పాడుతోంది. ఇప్పుడు లేచి, కుడి బాక్సును ఊరికే తాకి, బాగుందని చెప్పి కిందికి దిగిపోవాలి. తక్కినది వెనకాల జరుగుతుంది. రేపు ఇంకో ఇంట్లో, ఎల్లుండి మరో ఇంట్లో. బాబాయి మోకాలు అరిగేదాకా.

కళ్ళు తెరిచారు. డాక్టరుగారు గుమ్మంలో నిలబడి, ఆయన ఏం చెప్తే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

"డాక్టరుగారూ, మొన్న వెనక్కి పంపిన బాక్సుకి ఏ జబ్బూ లేదు" అన్నారు చెవిగారు. "నా కుడి చెవి పనిచేయట్లేదు. ఈయన చేతుల్లో తప్పేం లేదు."

పాట ఇంకా నడుస్తూనే ఉంది. "నాకు సరిగ్గానే వినపడింది ఆ రోజు" అన్నారావిడ. "మీరు కాదన్నారని ఊరుకున్నాను. ఈయన్ని పంపించేస్తుంటే కూడా ఇక్కడే నిలబడి ఊరుకున్నాను."

చెవిగారు కుర్చీలోంచి లేచారు. "రా బాబాయ్. కూర్చో."

"ఎందుకు మాస్టారూ, ఇక్కడ నుంచుని..."

"కూర్చో. మధ్య అనేది ఆ కుర్చీలోనే ఉంటుంది."

మెల్లిగా డాక్టరుగారి వంక చూశాడు. ఆవిడ తలూపారు. భుజానున్న పట్టీ తీసి కిందపెట్టాడు. పంట్లాం వెనక రెండుసార్లు దులుపుకుని, కుర్చీ అంచున, విరిగిపోతుందేమో అన్నట్టు కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు.

చెవిగారు కుడి బాక్సు వెనక మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులూ దానికి ఆనించారు. ఆయన చొక్కా జేబులో ఫోను మోగుతోంది. షాపు నుంచే అయ్యుంటుంది. ఇవాళ కాకపోతే రేపు ఈ సంగతి ఓనరుకు తెలుస్తుంది. తెలిశాక తనను ఎక్కడ కూర్చోబెడతాడో, అసలు ఉంచుతాడో లేదో ఆయనకు తెలియదు.

"నెట్టనా?"

"నెట్టండి."

బాక్సు నేలమీద కీచుమంది. పాడే గొంతు ఎక్కడుందో, ఎటు కదిలిందో, ఆయనకు తెలియడం లేదు. కుర్చీలో ఉన్న మనిషి మొహంలోకి చూస్తూ నెడుతున్నారు.

"మెల్లిగా" అన్నాడు మెల్లిగా. "ఇంకాస్త... మెల్లిగా... చాలు. ఆపండి."

చెవిగారు ఆపారు. డాక్టరుగారు గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వచ్చి, బాక్సుల మధ్య ఏమీ లేని చోటుకేసి చూశారు. చెవిగారు కూడా అటే చూశారు. తర్వాత జేబులోంచి కాగితం పట్టీ తీసి, బాక్సు మూల ఎక్కడుందో నేలమీద గుర్తు పెట్టారు.